అలివేలమ్మ ఏరిన పుట్టగొడుగులు

కూతురు సుశీల పోయినప్పటి నుంచి అలివేలమ్మ కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి దొడ్లోకి పోయేది. గేదెకు చొప్ప వేస్తూ వేస్తూ మధ్యలో వదిలేసి వీధిలోకి వచ్చేది. వీధిలోకి ఎందుకొచ్చిందో గుర్తురాక మళ్ళీ ఇంట్లోకి పోయేది. అన్నం కూడా నిలబడే తినేది. మొగుడు బసవపున్నయ్య మొదట కసురుకున్నాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత ఊరుకున్నాడు. బావి దగ్గర ఆడవాళ్ళు కాలుగాలిన పిల్లి వస్తోందని ఆమెకు వినపడేటట్టే అనుకునేవాళ్ళు. ఆమె వినేది, బిందె ముంచుకుని పోయేది. ఒక్కోసారి బిందె అక్కడే మర్చిపోయి ఉత్త చేతులతో పోయేది.

గురజాలకు మూడు మైళ్ళ అవతల, నాగులేటి గట్టున ఉన్న ఊరు అది. నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన దడులు, జొన్నచేలు, మిరపతోటలు, ఏటి వెంబడి చిల్లచెట్లు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు. యుద్ధమైతే అయిపోయింది గానీ కంట్రోలు పోలేదు. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు, గుడ్డ కంట్రోలు. పెళ్ళిళ్ళలో కూడా వరిబియ్యం దొరక్క వరిగన్నమే వడ్డిస్తున్న రోజులు.

సుశీల నిరుడు పురిటికొచ్చి మొగపిల్లాణ్ణి కని, ఇరవయ్యొకటో రోజున పోయింది. పిల్లాణ్ణి వాళ్ళ నాయనమ్మ శావల్యాపురం తీసుకుపోయింది. అందరికీ తెలిసింది అంతే. అలివేలమ్మ ఎవరికీ చెప్పుకోనిది ఇంకొకటుంది.

సుశీల మంచంలో ఉండగా ఒకరోజు రాత్రంతా ఉరిమి వానపడింది. తెల్లారి ఆ పిల్ల లేచి కూర్చుని, అమ్మా, పుట్టగొడుగులు లేచుంటాయే, కూర చేసిపెట్టవా అంది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి అవంటే పంచప్రాణాలు. అలివేలమ్మ కసిరింది. బాలింత ముండవి, పథ్యంలో ఉండి అదేం అడగటమే, వాతం చేసి బిడ్డకు కడుపునొప్పి వస్తది, నోరు కట్టుకో అంది. పాతబియ్యం అన్నంలో వెల్లుల్లికారం కలిపి పెట్టింది. కాచిన నీళ్ళు గుక్కెడు ఇచ్చింది. ఆ వాడకట్టులో ఏ బాలింతకైనా అంతే. తన పురుళ్ళన్నింటికీ తన తల్లీ అంతే చేసింది. సుశీల మళ్ళీ అడగలేదు. అడగకపోవటమే అలివేలమ్మను పట్టుకుంది. రెండోసారి అడిగుంటే పెట్టేదాన్నేమో అనుకునేది. మళ్ళీ, ఎక్కడ పెట్టేదాన్నిలే అనుకునేది. ఈ రెంటి మధ్యా తిరగటానికి ఆమెకు ఇల్లూ వాకిలీ చాలేది కాదు.

పక్కిల్లు చాంద్ బీది. దూది ఏకే పీర్ సాహెబు పెళ్ళాం. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు నాపరాళ్ళ దడి ఒక్కటే అడ్డం. ముప్పయ్యేళ్ళుగా దాని మీదుగా నిప్పు, మజ్జిగ, కబుర్లు అటూ ఇటూ నడిచాయి. ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. చాంద్ బీ కూతురు రజియా, సుశీలతో కలిసి ఆ దడి మీదే గుర్రమెక్కి ఆడింది. ఆ రజియా ఇప్పుడు పురిటికొచ్చింది. రంజాను వెళ్ళిన వారానికి ఆడపిల్లను కన్నది.

బిడ్డ బాగానే ఉంది. తల్లే బాగాలేదు. పదోరోజుకి పెదవులు సున్నం కొట్టినట్టయినాయి. లేచి నాలుగడుగులేస్తే గోడ పట్టుకునేది. పాలు చాలక బిడ్డ గుక్కపట్టేది. గురజాల ఆసుపత్రి నుంచి నర్సమ్మను బండి కట్టి తీసుకొచ్చారు. నర్సమ్మ రజియా కంటిరెప్ప కిందికి లాగి చూసి, గోళ్ళు చూసి, పెద్దాయమ్మా, ఏం పెడుతున్నావు ఈ పిల్లకి అని అడిగింది. చాంద్ బీ చెప్పింది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లికారం అని విని నర్సమ్మకు కోపమొచ్చింది. మందు సీసా ఇచ్చి, మందు ఒక్కటే కాదు, తిండి కావాలంది. మాంసం, గుడ్లు, పప్పు, ఆకుకూరలు పెట్టమంది. మాంసం ఊళ్ళో ఏ పది రోజులకో కోస్తారని, ఉన్న నాలుగు కోళ్ళూ తెగులొచ్చి పోయినాయని చాంద్ బీ చెప్పింది.

"అయితే పుట్టగొడుగులు వండిపెట్టు," అంది నర్సమ్మ. "వానలు పడుతున్నాయిగా. కండపట్టే సత్తువ పప్పులో ఉన్నట్టే వాటిల్లోనూ ఉంటది. తేలిగ్గా అరుగుతాయి. మంచివని తెలిసినవే తెచ్చుకోండి. బాగా ఉడకనివ్వండి."

అప్పుడు అలివేలమ్మ గడపలో నిలబడి ఉంది, చేట్లో జొన్నపిండితో. ఆ మాట విని చేట అక్కడే దింపేసింది. ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. వెళ్ళి ఇంట్లో చుట్టూ తిరిగింది. గేదె దగ్గరికి పోయింది, వచ్చింది. బసవపున్నయ్య ఏమైందని అడిగాడు. పుట్టగొడుగులు బాలింత తినొచ్చంట, అంది. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, పలుపు సర్దుకుంటూ చేలోకి పోయాడు.

రెండు రోజులు ఉరుముల కోసం చూసింది. పుబ్బ కార్తె. మూడోనాటి సందెవేళ పడమట మబ్బుపట్టి, ఉరిమి ఉరిమి కురిసింది. కోడి కూయగానే అలివేలమ్మ బుట్ట, తంగేడు పుల్ల తీసుకుని నాగులేటి గట్టుకు బయల్దేరింది.

ఆ గట్టున ఆమెకు మూడు పుట్టలు తెలుసు. అత్తగారు చూపించినవి. పుట్టగొడుగులు ఎట్లా ఏరాలో కూడా అత్తగారే నేర్పింది. పుట్టకు ఇనుము తగలనియ్యకూడదు. గొడుగు పట్టుకుని పీకకూడదు. పక్కన పుల్లతో మట్టి తవ్వుకుంటూ పోవాలి. నిజమైన పుట్టగొడుగుకు కింద వేరులాగా పొడుగాటి కాడ ఉంటుంది. జానెడు, ఒక్కోసారి మూరెడు, చెదలగూడు దాకా దిగి ఉంటుంది. ఆ వేరుతో సహా తీయాలి. పెంటదిబ్బల మీద, గడ్డిలో లేచే తెల్లగొడుగులు చూడటానికి ఇవే అనిపిస్తాయి, వాటికి వేరుండదు. తింటే వాంతులు పట్టి మనిషి మిగలడు. వేరు లేని గొడుగు ఇంట్లోకి రాకూడదని అత్తగారి మాట. పసుపు వేస్తే తెలుస్తది, వెండిబిళ్ళ వేస్తే నల్లబడతదని ఊళ్ళో కొందరు అంటే, ఆవిడ అవన్నీ వట్టిమాటలని తోసిపారేసేది.

పెద్దపుట్ట తూర్పు పక్క విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోటి మూకుడంత. పైన బూడిదరంగు, నడిమధ్యన ముదురు మొన, అడుగున పుస్తకం పుటల్లాగా తెల్లటి మడతలు. అలివేలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతోంది. వాన మళ్ళీ తుంపర పట్టింది. గొర్రెల యల్లమంద మందను తోలుకుంటూ అటుగా వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో అందరి చుట్టరికాలూ తనవే అనుకునేవాడు. ఏంది అత్తా, వానలో పుట్టకు మొక్కుతున్నావా అన్నాడు. రజియాకని చెప్పింది. అయ్యో, ఆ పిల్లకైతే నేనూ చూస్తానుండు అని పుట్ట వెనక్కి పోయి, ఓ నాలుగు తెచ్చి బుట్టలో పడేశాడు. ఆమె ఏడోది తవ్వుతోంది. తలెత్తలేదు. సుశీల ఉంటే ఈపాటికి బుట్ట లాక్కుని ముందు పరిగెత్తేదని అనుకుంటోంది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టింది. కాడల కింది వేళ్ళు తుంచి పక్కన పెట్టింది. గొడుగుల మీది మట్టి చాకుతో గీకి, మూడు నీళ్ళు మార్చి కడిగింది. కత్తిపీటకు పెట్టకుండా చేత్తోనే నిలువునా చీల్చింది. కోడి రొమ్ముమాంసం చీలినట్టు పోగులు పోగులుగా చీలినాయి. దాకలో ముందు వట్టిగా వేసి మూతపెడితే వాటి నీళ్ళు అవే వదిలినాయి. ఆ నీళ్ళు పారబొయ్యలేదు, సారమంతా అందులోనే ఉంటుందని ఇగరనిచ్చింది. నువ్వులనూనెలో ఉల్లిపాయలు, దంచిన వెల్లుల్లి, ధనియాలు. పచ్చి బాలింతని చింతపండు మానేసి, మిరపకారం బదులు మిరియాలు నూరి వేసింది. ఉప్పు చివరన. వాడకట్టంతా వాసన. ఆ వాసన తగిలేసరికి ఆమె కళ్ళు మండినాయి, పొగ అనుకుంది. ఏడాదిలో ఆ ఇంట్లో ఆ కూర అదే మొదలు. తాను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు. సుశీలకు పెట్టనిది తానెట్లా తింటుంది? కూరంతా ఇత్తడిగిన్నెలోకి వంచి దడి మీదుగా చాంద్ బీకి అందించింది. అప్పటికి పొద్దు బారెడెక్కింది.

తిరిగొచ్చి పొయ్యి దగ్గర ఊడుస్తోంది. చీపురు కొసకు తాను తుంచిన వేళ్ళు తగిలినాయి. తీసి చేటలో వేస్తూ ఊరికే చూసింది. ఏడున్నాయి.

గొడుగులు పదకొండు.

మళ్ళీ చూసింది. గీకిన మట్టి కుప్పలో వెతికింది. పొయ్యిబూడిదలో వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది, యల్లమంద తెచ్చిన నాలుగూ నేల బారున విరిగి ఉన్నాయి. వాటి కింద ఏముందో వాడు చూడలేదు, తాను అడగలేదు. అన్నీ ఒక్కటిగా కడిగింది, ఒక్కటిగా చీల్చింది. ముప్పయ్యేళ్ళుగా చెయ్యని తప్పు. అదీ ఇవాళ, అదీ రజియాకు.

చీపురు వదిలేసి దడి దగ్గరికి పరిగెత్తింది. చాంద్ బీ అప్పుడే ఇత్తడిగిన్నె తోమి, వట్టిగిన్నె ఇవ్వకూడదని అడుగున చిన్న బెల్లమ్ముక్క వేసి పట్టుకొస్తోంది.

"చానా బాగుంది వదినా. మిరియాల ఘాటు చక్కగా తగిలింది," అంది.

అలివేలమ్మ గిన్నెకేసి చూసింది. తళతళలాడుతోంది. రజియా ఏదని అడిగింది. ఇప్పుడే కళ్ళు మూసింది, నిద్రపోనీ అంది చాంద్ బీ. అలివేలమ్మ నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? మీ పిల్లకు నేను విషం పెట్టానేమో, తెలియదు అని చెప్పాలా? గిన్నె తీసుకుని వచ్చేసింది.

గడపలో అడుగుపెట్టి మళ్ళీ వెనక్కి పోయింది. జల్లెడ ఇమ్మంది. పొద్దుటే గదా నీ జల్లెడ నువ్వు పట్టుకుపోయావంది చాంద్ బీ. అవునంది. లోపలికి తొంగి చూసింది. రజియా గోడవైపు తిరిగి పడుకుని ఉంది, వీపు కదులుతోందో లేదో గుమ్మంలోంచి తెలియలేదు. ఇంటికొచ్చింది. పాలల్లోకి తోడు కావాలని మళ్ళీ పోయింది. ఈసారి పీర్ సాహెబు దూది ఏకుతున్న విల్లు ఆపి, ఏంది అలివేలక్కా, ఇవాళ మా ఇంటికీ మీ ఇంటికీ దారి అరగదీస్తున్నావు అని నవ్వాడు. రజియా మూలిగింది. అలివేలమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. బిడ్డ కాలు తగిలి మూలిగిందని చాంద్ బీ అంది.

ఇక ఆగలేకపోయింది. తెలుసుకుని చెప్పాలి, చెబితే నిజం చెప్పాలి, వేళ్ళు లేకపోతే గురజాలకు బండి కట్టించాలి అనుకుంది. తంగేడు పుల్ల కూడా తీసుకోకుండా ఏటి దారి పట్టింది. ఎండ మాడు పగలగొడుతోంది. చేలోంచి బసవపున్నయ్య చూసి కేకేశాడు. ఆమె ఆగలేదు.

యల్లమంద రేవు దగ్గర గొర్రెలకు నీళ్ళు పట్టిస్తున్నాడు. ఆయాసం తీర్చుకోకుండానే, ఆ నాలుగూ ఎక్కడివిరా అని అడిగింది.

"పుట్ట వెనకమాలవే అత్తా."

"పుట్ట మీదివా?"

"రెండు పుట్ట మీదివి. రెండు దానికి ఇవతల నేల మీదివి. వానలో ఎవరు చూస్కుంటారు? ఏం, పుచ్చినాయా?"

"వేరు చూశావా?"

వాడు తల గీక్కున్నాడు. ఆమె మొహం చూసి వాడికీ నవ్వు పోయింది. నేనూ వస్తానుండని కర్ర గొర్రెల మధ్య పాతి వెంట నడిచాడు.

పుట్ట వెనక పక్క ఎండ పడి మట్టి గట్టిపడుతోంది. పుట్ట మీద రెండు తెల్లటి మొండేలు, విరిగిన చోట అప్పుడే పసుపురంగు తిరిగి కనపడుతున్నాయి. అలివేలమ్మ చేతులతోనే తవ్వింది. పాముంటది అత్తా, చెయ్యి పెట్టబాక, అన్నాడు యల్లమంద. ఆమె వినలేదు. మొదటిది జానెడు లోతున దొరికింది, సన్నబడుతూ నల్లగా దిగిన వేరు. రెండోది కూడా. మిగతా రెండింటి చోటు వాడు వెతికి చూపించాడు. పుట్టకు నాలుగడుగుల ఇవతల, గడ్డిలో. మీద మొండెం కూడా సరిగ్గా లేదు. పక్కనే ఎప్పటిదో గొర్రెల పెంట ఎండి ఉంది.

గడ్డి పీకింది. గోళ్ళల్లోకి రాతి పలుకులు దిగినాయి. వేలెడు లోతు తవ్వితే ఏమీ లేదు. జానెడు తవ్వితే ఏమీ లేదు. అయిపోయిందనుకుంది. బండి, గురజాల, చాంద్ బీ మొహం, అన్నీ కళ్ళముందు తిరిగినాయి. అప్పుడు చేతికి తడిగా, పీచులాగా తగిలింది. వేరు నిలువుగా దిగలేదు. పక్కకు వంగి పుట్టవైపు పోయింది. దాని వెంబడే మోచేతి దాకా తవ్వుకుంటూ పోతే, చెదలగూడు అంచులో చివర దొరికింది. నాలుగోది దాన్ని ఆనుకునే ఉంది, జంటగా.

నాలుగు వేళ్ళనూ చెంగులో వేసుకుంది. యల్లమంద ఊపిరి వదిలి, ఇక జన్మలో గొడుగు ముట్టను తల్లీ అన్నాడు. ముట్టు, కానీ పీకబాక, తవ్వు, అంది. వాడికి ఎట్లా తవ్వాలో కూడా చూపించింది. అప్పటికి పొద్దు వాలింది.

ఊళ్ళోకి వచ్చేసరికి మసీదులో సాయంత్రం నమాజు అయిపోయింది. అలివేలమ్మ తన ఇంట్లోకి పోలేదు, దడి దాటి నేరుగా చాంద్ బీ ఇంట్లోకి పోయింది. రజియా మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో జొన్నన్నం, దాని పక్కన పుట్టగొడుగుల కూర. ఇంకా చెయ్యి పెట్టలేదు.

అలివేలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పొద్దున తినలేదా ఈ పిల్ల?"

చాంద్ బీ తల దించుకుంది. గిన్నెలోది పొద్దున్నే కుండలోకి మార్చి దాచానని చెప్పింది. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. నలభై రోజులు నిండని బాలింతకు బయటి వంట ఏదొచ్చినా ఇంటి పెద్దది ముందు తిని సాయంత్రం దాకా చూడాలి. ఇన్నేళ్ళలో అలివేలమ్మ వంటకు ఆ పద్ధతి ఎప్పుడూ పాటించలేదు. ఇవాళ పాటించింది.

"నీ మీద నమ్మకం లేక కాదు వదినా," అంది చాంద్ బీ. "ఏడాది నుంచి నువ్వు ఉప్పేశావో చక్కెరేశావో నీకే తెలవట్లేదు. ఏదన్నా అయితే నాకవనీ అనుకున్నా. నువ్వు మాటిమాటికీ వచ్చి తొంగిచూస్తుంటే నాకు ఇంకా గుబులు పుట్టింది."

అలివేలమ్మ చెంగు విప్పి నాలుగు వేళ్ళనూ గడప మీద పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడు, పదకొండు, యల్లమంద, జల్లెడ, తోడు, అన్నీ. పొద్దున్నే చెప్పాల్సింది, భయపడ్డానని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ రజియా వైపు చూడలేదు. చాంద్ బీ ఒక వేరు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, అయితే పొద్దుట నుంచి చావబోయేది నేనన్నమాట, నాలుగు ముక్కలు ఎక్కువే తిన్నా అంది. పీర్ సాహెబు చాటున నిలబడి దగ్గాడు. ఎవరూ నవ్వలేదు గానీ గదిలో గాలి కదిలినట్టయింది.

రజియా పళ్ళెం మీద చెయ్యి పెట్టి అలివేలమ్మను చూసింది.

"అత్తా, తిననా వద్దా? నువ్వు చెప్పు."

సుశీల కూడా అట్లాగే కూర్చుని అడిగింది, గోడకానుకుని. అలివేలమ్మ గోళ్ళల్లో ఇంకా పుట్టమన్ను ఉంది. తెలిసినదాన్ని తెలుసని చెప్పటానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"పదకొండుకీ వేళ్ళు చూశాను. తిను తల్లీ."

రజియా తిన్నది. మొదట నెమ్మదిగా, తర్వాత గబగబా. అలివేలమ్మ చేతులు కడుక్కుని వచ్చి నేల మీద చతికిలబడి, ఆ పిల్ల ప్రతి ముద్దనూ చూసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక రజియా వేలితో తుడిచి నాకి, ఇంకొంచెం లేదా అని అడిగింది. కుండలో ఉన్నది చాంద్ బీ వంచి పెట్టింది. అదీ తిన్నది. బసవపున్నయ్య చేలోంచి వస్తూ దడి మీదుగా చూసి, కూర్చున్న పెళ్ళాన్ని చూసి, పిలవకుండా లోపలికి పోయాడు.

మర్నాడు తెల్లవారకముందే అలివేలమ్మ లేచి దడి దగ్గర నిలబడింది. ఇలాంటివి ఒక రాత్రి గడిస్తేగాని తేలవని ఆమెకు తెలుసు. లోపల బిడ్డ ఏడ్చింది. తర్వాత రజియా గొంతు వినపడింది, ఎందుకే అంత ఆత్రం, నీకే గదా ఇచ్చేది అని బిడ్డను విసుక్కుంటోంది. అది విని అలివేలమ్మ బుట్ట, తంగేడు పుల్ల తీసుకుంది.

పుట్ట పడమటి పక్క కొత్తవి ఆరు లేచినాయి. ఆరూ వేళ్ళతో తీసింది. ఇంటికొచ్చి వండి, ఐదింటి కూర దడి మీదుగా ఇచ్చింది. వదినా, ముందు నేను తినక్కర్లేదా అని చాంద్ బీ అడిగితే, నీ ఇష్టం అంది. ఆరోదాన్ని విడిగా చిన్నమూకుట్లో, మిరియాలూ వెల్లుల్లీ వేసి, చింతపండు లేకుండా బాలింత కూరలాగానే చేసింది. పీట వాల్చుకుంది. జొన్నన్నంలో కలుపుకుని, కూర్చుని తిన్నది. సగం తిన్నాక లేచి దొడ్లో గేదెను ఒకసారి చూసొచ్చి, మళ్ళీ కూర్చుని, మిగతాది తిన్నది.